స్టాంపింగ్ అక్కర్లేని తిమింగలం

మిషిగన్ రాష్ట్రం నోవైలో శ్యామ్‌సుందర్ ఇంట్లో వస్తువులు రెండు రకాలు. ఉన్నవి కొన్ని, గ్రీన్ కార్డ్ వచ్చాక కొనుక్కునేవి కొన్ని. ఈ రెండో రకానివే ఎక్కువ. తోలు సోఫా గ్రీన్ కార్డ్ వచ్చాక. మంచి డైనింగ్ టేబుల్ గ్రీన్ కార్డ్ వచ్చాక. ఆఖరికి గోడకి మేకు కొట్టడం కూడా గ్రీన్ కార్డ్ వచ్చాకే. రేపో మాపో మూటాముల్లే సర్దుకోమంటే, ఆ మేకు చిల్లికి అపార్ట్‌మెంట్ వాళ్లు డిపాజిట్‌లో కోత పెడతారని ఆయన ముందుచూపు. అందుకని పెళ్లి ఫోటో తొమ్మిదేళ్లుగా డ్రెస్సర్ మీద గోడకి ఆనుకుని నిలబడే ఉంది. పాపం, ఆ ఫోటోలో పెళ్లికొడుక్కి ఈపాటికి కాళ్లు పీకుతూ ఉండాలి.

భార్య లీలావతి ఉద్యోగం కూడా ఈ రెండో రకంలోదే. ఆవిడ విశాఖపట్నంలో జువాలజీ ఎమ్మెస్సీ చేసింది. అమెరికా వాళ్లు ఆవిడకి హెచ్-ఫోర్ వీసా ఇచ్చారు. అంటే మొగుడు హెచ్-వన్ మీద పని చేస్తున్నంత కాలం ఆయన పక్కన ఉండొచ్చు, వండొచ్చు, కారు నడపొచ్చు, లైబ్రరీకి వెళ్లొచ్చు. జీతం మాత్రం తీసుకోకూడదు. తర్వాత కొందరు హెచ్-ఫోర్ వాళ్లకి పని అనుమతి ఇస్తామన్నారు గానీ, అది రేపో మాపో రద్దవుతుందని శ్యామ్‌సుందర్ దాన్నీ కార్డ్ వచ్చాకకే వాయిదా వేశాడు. మిగతావన్నీ ఆవిడ శ్రద్ధగా చేసింది. నోవై లైబ్రరీలో జంతువుల పుస్తకాలుండే అర మొత్తం ఆవిడకి కంఠతా వచ్చేసింది.

పిల్లల సంగతీ అంతే. పెళ్లైన కొత్తలో శ్యామ్‌సుందర్, కార్డ్ వచ్చేస్తే నిశ్చింతగా ప్లాన్ చేసుకుందాం అన్నాడు. అప్పుడు లీలావతికి ఇరవై ఆరు. ఇది 2014 నాటి మాట కాబట్టి ఇప్పుడు ముప్ఫై అయిదు. కార్డుకి క్యూ ఉంది గానీ వయసుకి క్యూ లేదు, అది ఏటా ఠంచనుగా వచ్చేస్తుంది. కాకినాడ నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసి ఏమైనా విశేషమా అని అడిగినప్పుడల్లా లీలావతి వాతావరణం గురించి చెప్పేది. మిషిగన్‌లో వాతావరణానికి కరువు లేదు గనక అదృష్టం.

ప్రతి నెలా అమెరికా ప్రభుత్వం వీసా బులెటిన్ అని ఒకటి వదులుతుంది. క్యూ ఎంత కదిలిందో అందులో తెలుస్తుంది. ఒక వారం ముందుకి జరిగితే ఆ సాయంత్రం ఇంట్లో సేమ్యా పాయసం. వెనక్కి జరిగితే శ్యామ్‌సుందర్ అన్నం కెలికి లేచిపోయేవాడు. అసలు జరక్కపోతే పెరుగన్నం. ఆ ఇంట్లో వంట చేసేది లీలావతే అయినా మెనూ వాషింగ్టన్‌లో తయారయ్యేది.

ఇంత ఓపికమంతురాలికి ఒకే ఒక్క పిచ్చి ఉంది. తిమింగలం. ఎమ్మెస్సీలో ఉండగా భీమిలి అవతల ఒడ్డుకి చచ్చిన తిమింగలం ఒకటి కొట్టుకొచ్చింది. ప్రొఫెసరు క్లాసు క్లాసంతటినీ బస్సెక్కించి తీసుకెళ్లాడు. మిగతావాళ్లు ముక్కులకి చున్నీలు కట్టుకుని దూరంగా నిలబడితే, లీలావతి టేపు పట్టుకుని తల నుంచి తోక దాకా కొలిచింది. రెండు రోజులు హాస్టల్లో ఆవిడ పక్కన ఎవరూ అన్నానికి కూర్చోలేదు. చచ్చినదాన్ని కొలిచాను, బతికున్నదాన్ని ఒక్కసారి కళ్లారా చూడాలి అని అప్పుడు పట్టుకుంది. వడ్డాణం అడిగిందా, వజ్రాల దుద్దులు అడిగిందా? ఒక్క తిమింగలం.

అదీ కుదరలేదు. హవాయికి తిమింగలాలు చలికాలంలో వస్తాయి. శ్యామ్‌సుందర్ కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు, ఆయన ప్రాజెక్టు రిలీజులూ చలికాలంలోనే వస్తాయి. ఏటా తిమింగలాలు, రిలీజులు కలిసికట్టుగా వచ్చి కలిసికట్టుగా వెళ్లిపోయేవి. ఒకసారి బోస్టన్ దగ్గర పడవెక్కితే పొగమంచు పట్టేసి, పక్కన కూర్చున్న శ్యామ్‌సుందరే సరిగ్గా కనపళ్లేదు. ఆయన్ని చూడ్డానికి అంత దూరం వెళ్లనక్కర్లేదు కదా.

ఒకరోజు లైబ్రరీలో ఒక పత్రికలో ఆవిడకి ఆ దీవి కనిపించింది. పసిఫిక్ మహాసముద్రంలో ఎక్కడో, హవాయి నుంచి ఇంకా బోలెడంత కిందికి, సమోవా దగ్గర ఆవగింజంత దీవి. దాని పేరు పలకడానికి నోవైలో ఎవరి నాలుకా తిరగలేదు కాబట్టి అందరూ 'ఆ దీవి' అనేవాళ్లు, మనమూ అలాగే అందాం. అంటార్కిటికా వైపు నుంచి తిమింగలాలు ఈదుకుంటూ వచ్చి, అమెరికా ఎండాకాలం చివర్లో అక్కడ పిల్లల్ని కంటాయిట. ఒడ్డుకి ఎంత దగ్గరగా వస్తాయంటే, నీళ్లలో తల ముంచితే వాటి పాట వినపడుతుందిట. ఆ పేజీ లీలావతి జెరాక్స్ తీయించి ఫ్రిజ్ మీద అంటించింది. ఫ్రిజ్ మీద అంటించడానికి మేకు అక్కర్లేదు.

శ్యామ్‌సుందర్ దాన్ని చూసి గతుక్కుమన్నాడు. సముద్రం దాటడం అంటే ఆయనకి ప్రాణభయం. తుపాను భయం కాదు, స్టాంపింగ్ భయం. పాస్‌పోర్టులో ఆయన వీసా స్టాంపు గడువు దాటి చాలా కాలమైంది. దేశంలోపల కూర్చున్నంత సేపూ ఎవరూ ఏమనరు. ఒక్కసారి బయట కాలు పెట్టారో, మళ్లీ లోపలికి రావాలంటే ఏదో ఒక అమెరికా కాన్సులేట్ మెట్లెక్కి కొత్త స్టాంపు కొట్టించుకోవాలి. ఆయన స్నేహితుడు రాధాకృష్ణ అలా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్లి, ఫైలు పరిశీలనలో ఉందంటూ మూడు నెలలు ఇరుక్కుపోయాడు. ఈలోగా ఉద్యోగం పోయింది. ఆయన కారుని, టీవీని, సగం వాడిన బియ్యం బస్తాతో సహా నోవైలో స్నేహితులే అమ్మిపెట్టారు. అమ్మినవాళ్లలో శ్యామ్‌సుందర్ ఒకడు. అప్పట్నుంచీ ఆయన విమానాశ్రయాన్ని శ్మశానాన్ని చూసినట్టు చూసేవాడు.

డెట్రాయిట్ నది ఒడ్డున నిలబడితే అవతల కెనడా కనిపిస్తుంది. అందరూ రెయిలింగ్ మీద వాలి ఫోటోలు దిగుతారు. శ్యామ్‌సుందర్ రెండడుగులు వెనక్కే నిలబడేవాడు. ఒకసారి హైవే మీద దిగాల్సిన ఎగ్జిట్ తప్పి కారు కెనడా బ్రిడ్జి వైపు తిరిగేసరికి ఆయనకి ముచ్చెమటలు పోశాయి. ఆనాటి నుంచి, ఎంత తెలిసిన దారైనా సరే, పక్క సీట్లో లీలావతి ముందుగా "ఎగ్జిట్ వస్తోందండీ" అని చెప్పాల్సిందే. చెబితే గానీ ఆయన చెయ్యి స్టీరింగ్ తిప్పదు. జీతం లేకుండా ఆవిడ అమెరికాలో చేసిన ఉద్యోగం అదొక్కటి.

లీలావతి మాత్రం ఏడాదిన్నర కిందట చెల్లెలి పెళ్లికి ఒక్కతే కాకినాడ వెళ్లి, హైదరాబాద్‌లో స్టాంపు కొట్టించుకుని చక్కా వచ్చింది. మొగుడు రాలేదేమని పెళ్లిలో అందరూ అడిగారు. రిలీజు ఉందని చెప్పింది.

ఇలాంటి ఇంట్లోకి రాజారావు శుభవార్త మోసుకొచ్చాడు. ప్రతి ఊళ్లోనూ డబ్బు తీసుకోని లాయరు ఒకడుంటాడు, నోవైకి రాజారావు ఆ లాయరు. ఆయన చదివింది మెకానికల్, పుట్టింది కరీంనగర్, పనిచేసేది బంపర్లు తయారుచేసే కంపెనీలో. కానీ తనకి గ్రీన్ కార్డ్ వచ్చింది గనక అందరికీ అది ఎలా వస్తుందో ఆయనకి తెలుసని ఊరి నమ్మకం. తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల్లో ప్లేటు పట్టుకుని ఆయన చుట్టూ జనం మూగేవాళ్లు. అసలు లాయరుకి మెయిల్ కొడితే బిల్లు పడుతుంది, రాజారావుకి ఇంకో గారె వడ్డిస్తే చాలు. ఒకరోజు ఆయన వీళ్లింట్లో ఫ్రిజ్ మీద కాగితం చూసి, అది ఏ దేశానిదో అడిగి, పెద్దగా నవ్వాడు.

"అరె, అమెరికన్ సమోవా అంటున్నవ్. పేరులనే అమెరికన్ ఉన్నది గద భయ్యా. వాళ్ల జెండా అమెరికాది, డాలర్ అమెరికాది, పోస్టాఫీస్ అమెరికాది. డొమెస్టిక్ ట్రిప్పు. ఇంక స్టాంపింగ్ ఏంది?"

శ్యామ్‌సుందర్ కళ్లు మెరిశాయి. ఇదీ ఆయనకి కావలసిన సముద్రం, దాటినా దాటనట్టే ఉండేది. భార్య కోరిక తీరుతుంది, తన పాస్‌పోర్టు మూతపడే ఉంటుంది. ఆ వారమే టికెట్లు బుక్ చేశాడు. నోవైలో ఇంతవరకూ ఇలా ఆలోచించినవాడు లేడని స్నేహితులంతా భుజం తట్టారు. స్టాంపింగ్ లేకుండా పసిఫిక్ మహాసముద్రం తిరిగొచ్చే తెలివి తెలుగువాడికి కాక ఇంకెవరికి వస్తుంది?

మధ్యలో ఆ దీవుల ప్రభుత్వం నుంచి, మీలాంటి విదేశీయులు లోపలికి రావాలంటే మా అనుమతి తీసుకోవాలి అని ఒక మెయిల్ వచ్చింది. దేశంలోపల తిరగడానికి ఇంకో అనుమతి ఎందుకూ అని పదేళ్ల పిల్లాడికైనా అనుమానం వస్తుంది. శ్యామ్‌సుందర్‌కి రాలేదు. నేషనల్ పార్కుకి పాస్ అడగరూ, ఇదీ అలాంటిదే అని ఇద్దరికీ అప్లై చేసి, అనుమతులు వచ్చాక ప్రింట్ తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. వీసా విషయంలో కామా తేడా వచ్చినా రాత్రంతా నిద్రపోని మనిషి ఆయన.

సెప్టెంబర్‌లో బయల్దేరారు. హవాయిలోని హోనొలులు దాకా ప్రయాణం రాజారావు చెప్పినట్టే డొమెస్టిక్‌గా జరిగింది. అక్కడ సమోవా విమానం కౌంటర్ దగ్గర లైన్లో అందరూ పెద్ద పెద్ద ఐస్ పెట్టెలతో, పూల చొక్కాలతో పెళ్లికి వెళ్తున్నట్టున్నారు. వీళ్ల లగేజీలో రైస్ కుక్కర్, సోనా మసూరి, ఆవకాయ సీసా, కందిపొడి, శ్యామ్‌సుందర్ కొత్తగా కొన్న పొడుగు లెన్సు కెమెరా ఉన్నాయి. కౌంటర్‌లో ఉన్నావిడ చెవిలో పువ్వు పెట్టుకుని, పాస్‌పోర్టులు తిరగేసి, చాలా మర్యాదగా ఒక మాట చెప్పింది. సర్, మీ వీసా గడువు అయిపోయింది, మీరు అక్కడికి వెళ్లగలరు గానీ తిరిగి అమెరికాలోకి రాలేరు.

శ్యామ్‌సుందర్ నవ్వి, అది అమెరికాయే కదా అన్నాడు. ఆవిడకి ఈ ప్రశ్న కొత్త కాదల్లే ఉంది. అది అమెరికాకి చెందినదే గానీ, వీసాల లెక్కలో బయట దేశంతో సమానమనీ, అక్కణ్ణుంచి వచ్చేవాళ్లని హోనొలులులో ఇమ్మిగ్రేషన్ వాళ్లు లండన్ నుంచి వచ్చినవాళ్లని చూసినట్టే చూస్తారనీ చెప్పింది. ఆపైన లీలావతి పాస్‌పోర్టు చూసి, ఈవిడకి స్టాంపు ఉంది, ఇబ్బంది లేదు అని కూడా చెప్పింది.

పక్కకి జరిగి శ్యామ్‌సుందర్ రాజారావుకి ఫోన్ చేశాడు. రాజారావు, అట్ల కూడ ఉండొచ్చు భయ్యా, రూల్స్ మారుతుంటయ్ అన్నాడు. ఆ రూలు రాజారావు పుట్టకముందు నుంచీ ఉంది.

ఫోన్ పెట్టేసి శ్యామ్‌సుందర్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, అచ్చం డ్రెస్సర్ మీద ఫోటోలోలాగే. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుని, పెద్ద గండం తప్పినవాడిలా మొహం పెట్టి, "దేవుడు కాపాడాడు లీలా. ఎక్కేసి ఉంటే ఏమయ్యేది? పద, టికెట్లు క్యాన్సిల్ చేద్దాం. గ్రీన్ కార్డ్ వచ్చాక వద్దాంలే" అన్నాడు.

తొమ్మిదేళ్లుగా ఆ మాట వింటూనే ఉంది ఆవిడ. సోఫా దగ్గర వింది, ఉద్యోగం దగ్గర వింది. డాక్టరు దగ్గరికి వెళ్దామని అడిగిన రోజున బాత్‌రూమ్ తలుపవతల నుంచి వింది. ప్రతిసారీ సరేనంది. ఇప్పుడు మాత్రం తన పాస్‌పోర్టు తెరిచి స్టాంపు చూసుకుంది. ఈ తిమింగలం కూడా సోఫా పక్కన చేరితే ఇక తనకంటూ ఈ జన్మలో మిగిలేదేమీ లేదని ఆవిడకి స్పష్టంగా తెలిసిపోయింది. భయం కూడా వేసింది. ఎదురుగా లైను కదులుతోంది.

"నా స్టాంపు ఉందిగా. నేను వెళ్లొస్తానండీ" అంది.

ఆయన నమ్మలేదు. ఒక్కదానివా, సముద్రం మధ్యలోకా, నీకేమైనా అయితే, ఫోన్ కూడా పనిచెయ్యదు, జనం ఏమనుకుంటారు, ఇలా అన్నీ అడిగాడు. లీలావతి వాదించలేదు. కాకినాడకి ఒక్కదాన్నే వెళ్లొచ్చాను కదా అని మాత్రం అంది. అక్కడే, కౌంటర్ పక్కన, నలుగురూ చూస్తుండగా పెట్టెలు విప్పి సామాను పంచుకున్నారు. ఆవిడ బట్టలు, కెమెరా, ఆవకాయ సీసా ఆవిడకి. మిగతావి ఆయనకి. లైన్లోకి వెళ్లబోతుంటే శ్యామ్‌సుందర్ వెనక నుంచి పిలిచాడు. ఏదో ఒక మంచి మాట చెబుతాడని ఆగింది.

"కుక్కర్ నా దగ్గరే ఉంచుతాను, సరేనా?" అన్నాడు.

విమానంలో కూర్చున్నాక లీలావతి ఏడ్చింది. పక్క సీట్లో ఉన్న పెద్దాయన తన వేరుశనగల పొట్లం ఆవిడ చేతిలో పెట్టాడు. కాసేపటికి ఏడుపు ఆగింది, ఆకలేసింది, వేరుశనగలు తినేసింది.

సమోవాలోని పెద్ద దీవిలో దిగాక ఆ దీవికి బుల్లి విమానం. ఎక్కేముందు మనుషుల్ని కూడా పెట్టెల్లాగే తూచారు. వీసా స్టేటస్ ఏమిటని ఎవరూ అడగలేదు, బరువెంతో చూశారంతే. దిగేసరికి సినా అనే ఆవిడ పికప్ ట్రక్కుతో వచ్చి నిలబడింది. ఆ దీవిలో ఉన్న ఒక్క గెస్ట్‌హౌస్ ఆవిడదే, ఉన్న ఒక్క మంచి పడవ ఆవిడ తమ్ముడిది. బుకింగ్ ఇద్దరికి కదా, మీ ఆయనేడీ అని అడిగింది. లీలావతి ఆలోచించి, ఆయనకి వీసా లేదు అని చెప్పింది. ఎక్కడికి వీసా లేదు అని అడిగింది సినా. అమెరికాకి అంది లీలావతి. మరి ఎక్కడున్నాడు? అమెరికాలో. సినా, భర్తతో పోట్లాడి వచ్చిందనుకుని ఆ పూట ఆవిడకి చేపముక్క ఒకటి ఎక్కువ వేసింది.

తిమింగలాల కోసం వచ్చినవాళ్ల ఓపికని ఆ దీవి బాగానే పరీక్షిస్తుంది. మొదటి రోజు కుండపోత వాన. లీలావతి వరండాలో కూర్చుని కెమెరా తీసి చూస్తే బ్యాటరీ నిండుకుంది. చార్జరు కోసం పెట్టె అంతా తోడింది. అది కుక్కర్ గిన్నెలో, మెత్తగా తువ్వాల్లో చుట్టి, హోనొలులులో భద్రంగా ఉంది. అలా సర్దిందీ శ్యామ్‌సుందరే. ఆ పొడుగు లెన్సు కెమెరా ఆ తర్వాత వారమంతా కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చింది.

రెండో రోజు ఆదివారం. ఆదివారం ఆ దీవిలో పడవ కదలదు, వల పడదు, నీళ్లలో ఎవరూ దిగరు. అందరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్తారు. సినా తన తెల్ల టోపీ ఒకటి లీలావతి నెత్తిన పెట్టి వెంట తీసుకెళ్లింది. వాళ్లు గొంతెత్తి పాడుతుంటే భాష తెలియకపోయినా లీలావతికి ఒళ్లు పులకరించింది. దేవుడా, నువ్వెవరైనా సరే, ఒక్కదాన్ని చూపించు అని దండం పెట్టుకుంది. భోజనంలో సీమపనస కాల్చి పెట్టారు. ఆవకాయ సీసా మూత తీసి, ఆ ముక్కల్లో నంజుకుంది. సినా కూడా రుచి చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఇంకో ముక్క అడిగింది.

ఆ తర్వాత గాలి. మర్నాడూ గాలి. సినా తమ్ముడు సముద్రం వైపు చూసి తల అడ్డంగా ఊపి పేకాటకి వెళ్లిపోయేవాడు. లీలావతి ఒడ్డున కొబ్బరిచెట్టు కింద కూర్చుని, నీళ్లకేసి చూస్తూ తనలో తనే గొణుక్కునేది. ఇన్ని వేల మైళ్లు వచ్చి, మొగుణ్ని కౌంటర్ దగ్గర వదిలేసి, ఉత్త చేతుల్తో వెనక్కి వెళ్తే నోవైలో ఇక తలెత్తుకునేది ఎలా? చూశావా, నేను చెప్పలా అని ఆయన అనడు. అనకుండా జాలిగా చూస్తాడు. అది ఇంకా కష్టం.

ఆఖరి రోజు పొద్దున్న గాలి పడిపోయింది. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. సినా తమ్ముడు పడవని పగడపు దిబ్బల రీఫ్ దాటించి, కొండ నీడ పడే చోట ఇంజన్ ఆపేశాడు. వాటి వెంట మనం పడకూడదు, వాటికి రావాలనిపిస్తే అవే వస్తాయి అన్నాడు. కూర్చున్నారు. ఎండ మాడుస్తోంది. ఎదురుచూడ్డంలో లీలావతికి తొమ్మిదేళ్ల అనుభవం ఉంది గనక ఆవిడకి పెద్ద కష్టం అనిపించలేదు. కొంతసేపటికి అతను తల నీళ్లలో పెట్టమని సైగ చేశాడు. పడవ అంచు పట్టుకుని వంగి, చెవులు మునిగేదాకా ముంచింది.

వినపడింది. ముందు సన్నగా, తలుపు కిర్రుమన్నట్టు. తర్వాత లావుగా, లోతుగా, పొట్టలోపల మోగుతున్నట్టు. ఊపిరాడక తల పైకెత్తి, మళ్లీ ముంచి, మళ్లీ ఎత్తింది. ముక్కులోంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి, జుట్టు మొహానికి అతుక్కుపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు. పుస్తకాల్లో వంద చోట్ల చదివింది ఈ పాట గురించి. ఒక్కడూ సరిగ్గా రాయలేదు అనుకుంది కోపంగా.

అప్పుడు పడవ పక్కనే నీళ్లు నల్లబడ్డాయి. నలుపు పైకి లేచి, లేచి, ఎంతకీ అయిపోకుండా లేచి, ఒక్కసారి బుస్సుమని ఊపిరి వదిలింది. తుంపరంతా లీలావతి మీద పడింది. కుళ్లిన చేపల కంపు. అచ్చం భీమిలి కంపే. కానీ ఇది వెచ్చగా ఉంది. తల్లి పక్కనే పిల్ల, నల్లగా నున్నగా, పిల్లంటే మాటవరసకి పిల్ల, నోవైలో వాళ్ల కారు కంటే పొడుగ్గా ఉంది. అంటార్కిటికా నుంచి నిండు చూలుతో ఈదుకుంటూ వచ్చి, ఇక్కడ కాన్పు చేసుకుని, పిల్లని వెంటేసుకుని పోతుంది ఈ మహాతల్లి. ఏ కౌంటర్‌లోనూ ఎవరూ ఆపలేదు, ఏ రాజారావునీ సలహా అడగలేదు.

తల్లి కొంచెం పక్కకి ఒరిగింది. నీళ్ల కింద నుంచి ఒక కన్ను, పెద్ద బత్తాయంత కన్ను, లీలావతిని చూసింది. తొందరేం లేకుండా చూసింది. అమెరికా వచ్చాక స్టేటస్ ఏమిటి, విశేషం ఏమిటి అని అడక్కుండా తనని అంతసేపు చూసిన ప్రాణి అదొక్కటే. లీలావతికి దుఃఖం పొంగుకొచ్చింది. "ఎంత బావున్నావే" అంది తెలుగులో, బయటికే. కొలవాలని తోచలేదు. పిల్ల ఒకసారి బోర్లాపడి, మళ్లీ సర్దుకుని తల్లి పొట్ట కిందికి దూరింది. తర్వాత రెండూ నెమ్మదిగా నీలంలోకి దిగిపోయాయి. లీలావతి చేతిలో ఫోటో లేదు, వీడియో లేదు. ఒంటి నిండా కంపు మాత్రం ఉంది. ఒడ్డుకి వచ్చాక కూడా చాలాసేపు స్నానం చెయ్యలేదు.

తిరుగు ప్రయాణం మొత్తం ఆవిడ ఆ సంగతి ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉంది. ముందు పాట చెప్పాలి, తర్వాత కంపు, ఆ తర్వాత కన్ను. కన్ను గురించి చెప్పేటప్పుడు తొందరపడకూడదు. కుక్కర్ మీద కోపం కూడా ఎక్కడో సముద్రంలో కరిగిపోయింది. పాపం, ఆయన కూడా వచ్చి ఉంటే బావుండేది అనిపించింది. చెబితే ఆయనకీ కనబడుతుంది, అంత బాగా చెబుతాను అనుకుంది.

హోనొలులులో ఇమ్మిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టు చూసి, అక్కడికి ఎందుకు వెళ్లావని అడిగాడు. తిమింగలం కోసం అంది. కనపడిందా అన్నాడు. కనపడింది అంది. అతను నవ్వి, స్టాంపు కొట్టి, తేదీ రాసి ఇచ్చాడు.

బయట శ్యామ్‌సుందర్ కుక్కర్ సంచి భుజాన వేసుకుని నిలబడ్డాడు. వారం రోజులు హవాయిలో ఉన్న మనిషి, ఒంటి రంగు ఆవగింజంతైనా మారలేదు. ఆవిణ్ని చూడగానే ఆయన కళ్లు చెమర్చాయి, అది అబద్ధం కాదు. గబగబా వచ్చి చెయ్యి చాచాడు. లీలావతి తన చెయ్యి ఇవ్వబోయింది. "పాస్‌పోర్ట్, పాస్‌పోర్ట్" అన్నాడు. తీసుకుని పేజీ తిప్పి, ఆవిడ ఎన్నాళ్ల వరకూ ఉండొచ్చో అధికారి రాసిన తేదీని దీపం కిందికి తీసుకెళ్లి చదివి, తన హెచ్-వన్ పిటిషన్ గడువు తేదీతో సరిపోయిందని చూసుకుని, హమ్మయ్య అన్నాడు. అప్పుడు ఆవిడ కళ్లకేసి చూసి, నల్లబడ్డావు అన్నాడు.

విమానంలో ఆయన తన వారం సంగతులు చెప్పాడు. హోటల్ గదిలో రోజూ అన్నం వండుకున్నాడుట. పెరుగు దొరికిందిట. అసలు గొప్ప సంగతి ఏమిటంటే, ఉత్తినే కూర్చోవడం ఎందుకని లాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చేసి, పెట్టిన లీవంతా వెనక్కి వేయించుకున్నాడుట. మేనేజర్ మెచ్చుకున్నాడుట. ఆ లీవులు అలా దాచిపెడితే కార్డ్ వచ్చాక ఒకేసారి వాడుకోవచ్చుట. లీలావతి వింటూ కూర్చుంది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా ఇప్పుడు అడుగుతాడు అనుకుంది. ఆయన దుప్పటి కప్పుకుని నిద్రపోయాడు.

డెట్రాయిట్‌లో దిగేసరికి సన్నగా చలి మొదలైంది. పార్కింగ్‌లో కారు స్టార్ట్ అయింది, హీటర్ పనిచేసింది, రేడియోలో ట్రాఫిక్ లేదన్నారు. శ్యామ్‌సుందర్‌కి ప్రాణం కుదుటపడింది. దేశంలోపల ఉన్నాడు, భార్య దేశంలోపల ఉంది, కుక్కర్ వెనక సీట్లో ఉంది. నోవై దగ్గర పడుతుండగా, ఏదో మర్చిపోయింది గుర్తొచ్చినట్టు ఆయన తల ఇటు తిప్పాడు.

"అవునూ, ఇంతకీ తిమింగలం కనపడిందా? ఎలా ఉంది?"

పాట, కంపు, కన్ను అన్నీ లీలావతి నాలుక చివరే ఉన్నాయి. హోనొలులులో ఆ గేటు దగ్గర అడిగి ఉంటే అక్కడే నిలబడి మొత్తం చెప్పేసేది. 

"కనపడింది. ఎలా ఉందో గ్రీన్ కార్డ్ వచ్చాక చెప్తానండీ" అంది.

శ్యామ్‌సుందర్ జోక్ అనుకుని నవ్వాడు. నవ్వుతూ ఆవిడ మొహం చూశాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. రోడ్డు వైపు తిరిగాడు. నోవై ఎగ్జిట్ బోర్డు కుడిపక్క కనిపించి, దగ్గరకొచ్చి, వెనక్కి వెళ్లిపోయింది. లీలావతి చూసింది గానీ చెప్పలేదు.